ఆచారాన్ని తప్పుబట్టే వ్యాసానికి సొంత పేరు పెట్టాలా? పెద్దల సలహా కోరుతున్నాను

ఆలూరు_బడి:

అందరికీ నమస్కారం. నేను కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలిని. బసివిని ఆచారం గురించి చాలాకాలంగా రాసుకుంటూ వచ్చిన ఒక పెద్ద వ్యాసం ఇప్పటికి పూర్తయింది. ఆడపిల్లకు పెళ్ళి చేయకుండా దేవతకు వదిలే ఈ పద్ధతిని 1947లో మద్రాసు రాష్ట్రమూ, 1988లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమూ చట్టాలు చేసి నిషేధించాయి. చట్టం గురించి రాస్తే ఎవరికీ కోపం రాదు. నా వ్యాసం అక్కడితో ఆగలేదు. మగబిడ్డ లేని ఇంట్లో కూతురిని కొడుకు స్థానంలో నిలిపి దేవత పేరిట వదిలేయడానికి పూజారులూ కులపెద్దలూ చెప్పే కథలను ఒక్కొక్కటిగా తీసుకుని, వాటిలో దేవత కోరింది ఎంత, ఊరి పెత్తందారులు కోరుకున్నది ఎంత అని అడిగాను. మొక్కు తీర్చకపోతే ఇంటికి కీడు జరుగుతుందన్న నమ్మకాన్ని నేరుగా తప్పుబట్టాను. మాలమాదిగల ఇళ్ళలోనూ బోయల ఇళ్ళలోనూ మాత్రమే దేవతకు ఇంత కోపం ఎందుకు వస్తుందో చెప్పమన్నాను.

కర్నూలు నుంచి వెలువడే ఒక చిన్న మాసపత్రిక దీన్ని అచ్చువేయడానికి ఒప్పుకుంది. సంపాదకుడు నన్ను ఒక్కటే అడిగారు: "అమ్మా, మీ పేరు వేయమంటారా, వేరే పేరు పెట్టుకుంటారా?" ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పలేకపోతున్నాను. మా తమ్ముడికి ఉన్న చిన్న కొట్టు జాతర బేరం మీదనే నడుస్తుంది. మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాము. నేను రాసిన ప్రతి వాక్యమూ నమ్మి రాసిందే. అయినా ఆ వాక్యాల కింద నా పేరు ఉంటే దెబ్బ నాకు ఒక్కదానికే తగలదు. ఈ విషయం ఆలోచించినవారు చెప్పండి.

ఆదోని_పత్తిబండి:

మేడమ్, నా మాట కొంచెం కటువుగా ఉండవచ్చు, మన్నించండి. పేరు లేని విమర్శను మన పల్లెల్లో ఎవరూ విమర్శగా చదవరు, ఆకాశరామన్న ఉత్తరంగా చదువుతారు. ఎవరో గిట్టనివాడు రాశాడని తీసిపారేస్తారు. అంబేద్కర్ 1936లో కులం గురించి లాహోర్‌లో చేయవలసిన ప్రసంగాన్ని, అందులోని మాటలు తమకు నచ్చలేదని నిర్వాహకులు రద్దు చేసినప్పుడు, ఆయన దాన్ని సొంత ఖర్చుతో, సొంత పేరుతో అచ్చువేశారు. ఆ పేరు లేకపోతే ఆ ప్రసంగం ఈనాటి వరకూ ఇంత చర్చకు నిలిచేదా?

ఇంతకంటే నాకు ముఖ్యంగా తోచేది ఇంకొకటి ఉంది. మీరు పేరు తీసేసినంత మాత్రాన ఊరివాళ్ళు "ఎవరు రాశారు" అని అడగడం మానుకోరు. అప్పుడు అనుమానం ఎవరి మీదికి పోతుందో ఒక్కసారి ఊహించండి. ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్న ఉపాధ్యాయురాలి మీదికి పోదు. డిగ్రీ చదువుకుని ఊళ్ళో ఖాళీగా ఉన్న మాదిగ పిల్లవాడి మీదికో, ఎప్పుడో సంఘం తరఫున అర్జీ ఇచ్చిన మనిషి మీదికో పోతుంది. అతడు ఒక్క వాక్యం కూడా రాయకుండానే రచ్చబండ దగ్గర నిలబడి జవాబు చెప్పుకోవలసి వస్తుంది. మీరు మోయని బరువును మరొకరి నెత్తిన పెట్టినట్టవుతుంది. ఇది మీరు కోరుకున్నది కాదని నాకు తెలుసు. అందుకే పేరు పెట్టమంటున్నాను.

మహానంది_నీడ:

ఆదోని అన్న చెప్పిన రెండో మాట బరువైనదే, దాన్ని నేను తోసిపుచ్చను. కాని పేరు పెట్టమని చెప్పడం మగవాళ్ళకు తేలిక. నేను నాలుగైదేళ్ళుగా పత్రికలకు రాస్తున్నాను. మగవాడు దేవుడి మీద రాస్తే "నాస్తికుడు" అంటారు, "అమ్ముడుపోయాడు" అంటారు. అదే మాట ఆడది రాస్తే వ్యాసాన్ని పక్కన పెట్టి ఆమె శీలం గురించి మాట్లాడతారు. ఆమె ఫోటో వెతికి తీసి దాని కింద రాయకూడని రాతలు రాస్తారు. పైగా ఇది బసివినుల గురించిన వ్యాసం. రాసిన మనిషిని ఏ మాటతో కొడతారో నేను ఇక్కడ చెప్పనక్కరలేదు. అక్కకు పెళ్ళీడు కూతురు ఉంది. ఆ మాట ఆ పిల్లదాకా వెళ్తుంది.

ధైర్యం గురించి మాట్లాడేటప్పుడు ఇటీవలి చరిత్రను కూడా తలచుకోవాలి. 2013 ఆగస్టులో పూణేలో దాభోల్కర్, 2015 ఫిబ్రవరిలో కొల్హాపూర్‌లో పన్సారే, అదే ఏడాది ఆగస్టులో ధార్వాడలో కల్బుర్గి, 2017 సెప్టెంబరులో బెంగళూరులో గౌరీ లంకేశ్ హత్యకు గురయ్యారు. మూఢాచారాలనో మతతత్వాన్నో ప్రశ్నించిన ఈ నలుగురూ సొంత పేర్లతో రాసినవారే, మాట్లాడినవారే. ధార్వాడ మన ఆదోనికి ఎంతో దూరం కాదు. అక్కా, మారుపేరు పెట్టుకోవడం పిరికితనం కాదు. రాయడం మానేయకుండా ఉండడానికి అదొక దారి.

పెన్న_గట్టు:

అనంతపురంలో చరిత్ర పాఠం చెప్పుకుని బతికేవాణ్ణి కనుక పాత సంగతులు రెండు ముందుంచుతాను, విసుగు చెందకండి.

1660ల చివర నెదర్లాండ్స్‌లో ఇద్దరు స్నేహితులు మతగ్రంథాలను తర్కంతో పరిశీలించి పుస్తకాలు రాశారు. ఒకరు స్పినోజా. ఆయన 1670లో తన పుస్తకాన్ని లాటిన్‌లో, రచయిత పేరు లేకుండా, ప్రచురణ స్థలం హాంబర్గ్ అని అబద్ధం వేయించి ప్రచురించాడు. దాన్ని ప్రజల భాష అయిన డచ్చిలోకి అనువదించబోతే తానే ఆపించాడు. రెండోవాడు ఏడ్రియాన్ కూర్‌బాగ్. ఆయన 1668లో డచ్చి భాషలోనే, సొంత పేరు పెట్టి రాశాడు. ఆయన మరో పుస్తకం అచ్చులో ఉండగా దాన్ని అచ్చువేస్తున్నవాడే భయపడి అధికారులకు చెప్పేశాడు. పదేళ్ళ శిక్ష పడిన కూర్‌బాగ్ 1669లోనే నిర్బంధంలో చనిపోయాడు. స్పినోజా బతికాడు, రాశాడు. అయితే ఆయన పేరు ఎంతోకాలం దాగలేదు. రాసింది ఎవరో చదువుకున్నవాళ్ళందరికీ త్వరలోనే తెలిసిపోయింది. 1674లో పుస్తకాన్ని నిషేధించారు కూడా. ఇంగ్లండులో జాన్ లాక్ మతసహనం గురించి 1689లో వచ్చిన తన లేఖ తనదేనని బతికి ఉండగా బాహాటంగా ఒప్పుకోలేదు. 1704లో మరణానికి ముందు వీలునామాకు చేర్చిన పత్రంలో మాత్రమే ఒప్పుకున్నాడు.

స్పినోజా, కూర్‌బాగ్ ఇద్దరిలో ఎవరు గొప్ప అని నేను అడగడం లేదు. ఒక తేడాను మాత్రం గమనించమంటున్నాను. పండితుల భాషలో రాసినవాడి మీద కంటే ప్రజల భాషలో రాసినవాడి మీద కోపం ముందుగా విరుచుకుపడింది. మేడమ్ తెలుగులో రాశారు, అదీ కర్నూలు పత్రికలో. ఆ పత్రిక ఆలూరు బస్టాండులో దొరుకుతుంది. ప్రమాదాన్ని అంచనా వేసేటప్పుడు ఈ సంగతిని కూడా కలుపుకోవాలి.

ఇక మన నేల సంగతి. కదిరి దగ్గర కటారుపల్లిలో సమాధి ఉన్న వేమన, విగ్రహారాధన మీదా తీర్థయాత్రల మీదా దొంగ గురువుల మీదా అనవలసినవన్నీ అని, ప్రతి పద్యం చివరా తన పేరు పెట్టాడు. సంతకం లేని వేమన పద్యం ఉండదు. కానీ ఆ పద్యాలు ఎన్నో ఏళ్ళు నోటిమీదుగానూ తాటాకుల మీదుగానూ నడిచాయి. బ్రౌన్ దొర 1829లో అచ్చువేసేనాటికే ఏది వేమనది, ఏది మరొకరు కట్టి వేమన మకుటం తగిలించింది అన్నది తేల్చడం కష్టమైపోయింది. ఆ మరొకరు ఎవరు? తన ఊళ్ళో తన పేరుతో ఆ మాట అనలేని మనిషి. ఒక మనిషి ధైర్యంగా పెట్టిన పేరు ఆ తరువాత ఊరూపేరూ లేని ఎందరికో నీడనిచ్చిందని నేను నమ్ముతాను. అందువల్ల సొంత సంతకమూ మారుపేరూ ఒకదానికొకటి విరోధులని నేను అనుకోను. కాకపోతే ముందుగా ఎవరో ఒకరు సంతకం పెట్టి ఉండాలి.

మహానంది_నీడ గారికి ఒక్క మాట. మారుపేరు ప్రాణాన్ని కాపాడుతుందని గట్టిగా నమ్మవద్దు. బంగ్లాదేశ్‌లో అహ్మద్ రాజీబ్ హైదర్ మారుపేరుతోనే మతవిమర్శ రాసేవాడు. 2013 ఫిబ్రవరిలో ఢాకాలో ఆయన్ను ఇంటి దగ్గరే చంపేశారు.

ప్రొద్దుటూరు_ముద్రాపకుడు:

నేను అచ్చుయంత్రం దగ్గర పెరిగినవాణ్ణి, ఇప్పుడు పని మానుకున్నాను. అందరూ రాసేవాళ్ళ గురించే మాట్లాడుతున్నారు. అచ్చువేసేవాళ్ళ గురించి కూడా వినండి.

1867 నాటి ముద్రణ చట్టం పుస్తకం మీదగానీ కరపత్రం మీదగానీ అచ్చువేసినవాడి పేరూ ఊరూ స్పష్టంగా వేయాలని చెప్పింది, ప్రచురించినవాడి పేరు కూడా వేయాలంది. రచయిత పేరు మాత్రం వేయమని అడగలేదు. దొరలకు కావలసింది పట్టుకోవడానికి ఒక మనిషి, ఆ మనిషి ఎవరైనా ఫరవాలేదు. మా దగ్గరకు పేరు లేని కరపత్రం తెచ్చి అచ్చువేయమన్నవాళ్ళకు మా నాన్న ఎప్పుడూ ఇదే చెప్పేవారు: "మీ పేరు లేకపోతే కింద మా పేరు ఒక్కటే మిగులుతుంది నాయనా."

దీనికి మన దేశంలోనే పెద్ద ఉదాహరణ ఉంది. 1924లో లాహోర్‌లో ఒక మతప్రవక్తను కించపరుస్తూ రచయిత పేరు లేని చిన్న పుస్తకం ఒకటి వచ్చింది. ఆ పుస్తకంలోని రాతలను నేను సమర్థించను, అది విమర్శ కాదు. నేను చెప్పేది ఆ తరువాత జరిగిన దాని గురించి. కేసు ప్రచురణకర్త రాజ్‌పాల్ మీద నడిచింది. ఆయన రచయిత ఎవరో చెప్పలేదు. కింది కోర్టు శిక్ష వేసింది, 1927లో లాహోర్ హైకోర్టు విడిచిపెట్టింది, 1929లో ఒక యువకుడు ఆయన్ను పొడిచి చంపాడు. చంపినవాడికి ఉరి పడింది. రాసినవాడు కనబడనందువల్ల ప్రమాదం ఎక్కడికీ పోలేదు, పేరు కనబడిన మనిషి దగ్గరకు నడిచి వెళ్ళింది.

కనుక అమ్మా, మీరు మారుపేరు పెట్టుకుంటే ఆ సంపాదకుడు దానికి సిద్ధంగా ఉన్నాడా అని ముందు నోరు తెరిచి అడగండి. ఆయన మిమ్మల్ని మర్యాదగా అడిగారు కదా అని ఆయనకు భయం లేదనుకోవద్దు. చిన్న పత్రిక, బహుశా అప్పు మీద నడిచే పత్రిక. మీకు తమ్ముడి కొట్టు ఉన్నట్టే ఆయనకూ ఇల్లూ పిల్లలూ ఉంటారు.

కడప_వకీలు:

ముద్రాపకుడు గారు చెప్పిన ఆ కేసు తరువాతనే, 1927లో, శిక్షాస్మృతిలో 295ఏ సెక్షన్ చేరింది. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షన్‌గా ఉంది. మూడేళ్ళ వరకు శిక్ష పడవచ్చు. పౌరుల్లో ఒక వర్గం మతభావాలను "ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో" అవమానించినప్పుడే అది నేరమవుతుందని 1957లో సుప్రీంకోర్టు వివరించింది. అంటే ఒక ఆచారం వల్ల ఆడపిల్లకు జరిగే హానిని చూపి దాన్ని మానుకోమని చెప్పడం ఈ సెక్షన్ కిందికి రాకూడదు. పైగా ప్రభుత్వ అనుమతి లేకుండా న్యాయస్థానం ఈ కేసును విచారణకు స్వీకరించకూడదు. అయితే ఎఫ్ఐఆర్ నమోదు కావడానికి ఆ అనుమతి అక్కరలేదు. చివరికి కేసు నిలవకపోయినా మధ్యలో స్టేషన్ చుట్టూ తిరగడమే శిక్ష అవుతుంది. దీన్ని తక్కువచేసి చెప్పడం నాకు ఇష్టం లేదు.

పేరు విషయానికి వస్తే, పేరు పెట్టారా లేదా అన్నది ఈ నేరంలో భాగమే కాదు. పేరు పెట్టకపోవడం రక్షణా కాదు, నేరమూ కాదు. చట్టం పేరు దాచుకున్నవాణ్ణి ఎక్కువగా శిక్షించేది ఒక్క బెదిరింపు విషయంలోనే. ఊరూపేరూ లేని ఉత్తరంతో బెదిరిస్తే బెదిరింపు శిక్షకు అదనంగా రెండేళ్ళ వరకు పడవచ్చు. అభిప్రాయం విషయంలో అలాంటి తేడా లేదు.

మీరు ప్రభుత్వోద్యోగి. 1964 నాటి రాష్ట్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించడం మీద ఆంక్ష పెట్టింది. మీరు విమర్శించేది ప్రభుత్వమే నిషేధించిన ఆచారాన్ని కనుక ఆ ఇబ్బంది తక్కువ. అయినా అధికారులు నిషేధాన్ని అమలు చేయడం లేదని ఎక్కడైనా రాసి ఉంటే ఆ వాక్యాలను నాకు ఒకసారి చూపండి. హోదా, పాఠశాల పేరు వేయవద్దు.

ఇంతకూ ఒక ప్రశ్న. మీ వ్యాసంలో పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలెవరైనా ఉన్నారా?

ఆలూరు_బడి:

అందరికీ కృతజ్ఞతలు. వకీలు గారూ, ఉంది. వ్యాసంలో పెద్దవాళ్ళు చెప్పిన సంగతులే ఎక్కువ, వాళ్ళందరినీ అడిగి, పేర్లు మార్చి రాశాను. మధ్యలో మాత్రం మా బడిలో చదువుతున్న ఒక అమ్మాయి సంగతి ఉంది. ఆ పిల్లను వదలబోతున్నారని తెలిసి పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేశాము, అధికారులు వచ్చారు, ఆ తంతు ఆగింది. పిల్ల ఇప్పుడు చదువుకుంటోంది. వ్యాసం మొత్తానికి అదే ప్రాణమని నా నమ్మకం. పూజారి ఆ రోజు చెప్పిన మాటలను నేను స్వయంగా విన్నాను, వాటికి జవాబుగానే వ్యాసంలో సగం రాశాను. ఆ అమ్మాయి పేరు రాయలేదు, ఊరి పేరు కూడా మార్చాను.

కడప_వకీలు:

అదే నేను భయపడింది. 2015 నాటి బాలల న్యాయ చట్టంలో 74వ సెక్షన్ చదవండి. సంరక్షణ అవసరమైన బాల గానీ బాధిత బాల గానీ ఎవరో తెలిసిపోయే వివరాలను పత్రికల్లో ప్రచురించకూడదని అది చెబుతుంది. పేరూ చిరునామాతో పాటు పాఠశాల అన్న మాట కూడా ఆ సెక్షన్‌లో ఉంది. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ.

మీరు ఆ పిల్ల పేరు రాయలేదు, ఊరి పేరు మార్చారు. కానీ "మా బడిలో" అని రాసి, కింద మీ సొంత పేరు పెట్టారనుకోండి. మీరు ఏ బడిలో పనిచేస్తారో మండలం మొత్తానికి తెలుసు. ఆ బడిలో అధికారులు వచ్చి ఎవరి మొక్కు ఆపారో ఊరంతా చూసింది. మీ సంతకమే ఆ పిల్ల చిరునామా అవుతుంది. ఇంతవరకూ మనమందరమూ మీ పేరు వల్ల మీకేమవుతుందో మాట్లాడుకున్నాము. మీ పేరు బయటపెట్టేది మిమ్మల్ని ఒక్కరినే కాదు.

గండికోట_బాటసారి:

నాది వేరే సమస్య, అయినా ఇక్కడ చెప్పదగిందే అనుకుంటాను. నాది ముస్లిం పేరు. మా జిల్లాలో దేవుని కడప గుడికి ఉగాది నాడు మావాళ్ళు వెళ్తారు, అనంతపురం జిల్లా గూగూడు కుళ్ళాయస్వామి పీర్ల పండుగకు హిందువులు వేలల్లో వెళ్తారు. ఇలాంటి చోట మతాన్ని గురించి విమర్శ రాయడం తేలికని ఎవరైనా అనుకుంటారు. కాదు.

దయ్యం వదిలిస్తామని పేదవాళ్ళ దగ్గర డబ్బు గుంజే మాంత్రికుల మీద నేను ఒకసారి నా పేరుతో రాశాను. మావాళ్ళలో కొందరు "ఇంటి గుట్టు బయట పెట్టాడు" అన్నారు. నేను భరించగలిగాను. భరించలేకపోయింది ఏమిటంటే, మమ్మల్ని ద్వేషించేవాళ్ళు ఆ వ్యాసాన్ని పట్టుకుని "చూశారా, వాళ్ళవాడే ఒప్పుకున్నాడు" అని ఊరేగించడం. నేను మాంత్రికుల మీద రాసింది నా జాతి మీద సాక్ష్యమైపోయింది. మరోసారి పొట్టేలు బలుల గురించి రాస్తే, అందులో గుడి ముందర బలీ ఉంది, మా మొక్కుబడీ ఉంది, వ్యాసంలోని ఒక్క వాదనకైనా జవాబు రాలేదు. వచ్చిన ప్రశ్న "నీకెందుకు" అన్నది ఒక్కటే. ఆనాటి నుంచి పొడి అక్షరాలతో రాస్తున్నాను. రాసినవాడు ఎవరో తెలియక చదివినప్పుడు కొందరైనా చివరిదాకా చదువుతున్నారు.

మన దగ్గర పేరు చెప్తే మతం తెలుస్తుంది, చాలాసార్లు కులమూ తెలుస్తుంది. మేడమ్ ఏ కులమో నేను అడగను. కానీ బసివిని ఆచారం ఏ ఇళ్ళలో ఉందో మీరే రాశారు. మీరు ఆ ఇళ్ళ మనిషి అయితే ఒక విధంగా చదువుతారు, కాకపోతే "పై కులపుది మనకు నీతులు చెప్పవచ్చింది" అని చదువుతారు. ఇది కూడా లెక్కలో ఉండాలి.

ఆలూరు_బడి:

బాటసారి గారూ, నేను ఆ ఇళ్ళ మనిషిని కాను. ఈ సంగతి నన్ను మొదటినుంచీ కలవరపెడుతూనే ఉంది. అందుకనే వ్యాసంలో పెత్తందారుల మాట వచ్చిన చోటల్లా అది మా కులం గురించే అని విడమరచి రాశాను. పేరు తీసేస్తే ఆ వాక్యాలకు అర్థమే ఉండదు. "మా వాళ్ళు" అన్న మాట ఎవరిదో పాఠకుడికి తెలియాలి కదా.

హగరి_ఒడ్డు:

నేను సాధారణంగా ఇలాంటి చోట రాయను. మా అమ్మ బసివిని. మా ఊరు మీ పడమటి మండలాల వైపే, ఇంతకంటే చెప్పను.

మేడమ్, సార్లూ, పేరు పెట్టాలా మానాలా అని మీరందరూ మాట్లాడుతుంటే నాకు ఒక్క విషయం మనసులో మెదిలింది. మా అమ్మకు ఆ ఎంపిక ఎప్పుడూ లేదు. ఆమె ఎవరో, ఆమెకు ఏం జరిగిందో సంతకు వచ్చినవాళ్ళందరికీ తెలుసు. నన్ను బడిలో చేర్చేటప్పుడు తండ్రి పేరు అన్న గడి దగ్గర అయ్యవారు కలం ఆపి ఆమె ముఖం వైపు చూశారు. ఆమె తన పేరే చెప్పింది. ఆయన అది రాయడానికి ఒప్పుకోలేదు. చివరకు ఏదో ఒక పేరు రాశారు, ఆ పేరు ఇప్పటికీ నా పదో తరగతి సర్టిఫికెట్ మీద ఉంది. ఆ మనిషి ఎవరో నాకు తెలియదు.

ఈ ఆచారం మీద ఇంతకు ముందు వచ్చిన వ్యాసాలు కొన్ని చదివాను. అన్నిటిలోనూ మా ఆడవాళ్ళ సంగతులు ఉంటాయి, ఊరి పేరు ఉంటుంది, కొన్నిటిలో ఫోటోలు కూడా ఉంటాయి. ఆచారాన్ని నడిపిన పూజారి పేరు గానీ ముహూర్తం పెట్టినవాడి పేరు గానీ పక్కన నిలబడి అక్షింతలు వేసిన పెద్దమనిషి పేరు గానీ ఎక్కడా ఉండదు. ఆచారం తప్పు కాదని నమ్మేవాళ్ళు కూడా తమ పేరు పెట్టి ఎప్పుడూ రాయలేదు. "పెద్దలు చెప్పారు", "దేవత అడిగింది" అని అంటారు. పేరు పెట్టుకోకుండా నడిచేది మొదట ఆ ఆచారమే.

మీరు పెత్తందార్ల ఇంటి నుంచి వచ్చారని రాశారు. అయితే మీ పేరు పెట్టండి. మా కులపువాళ్ళు రాస్తే కడుపుమంట అంటారు. మీరు రాస్తే ఆ మాట అనలేరు. కానీ ఆ పిల్ల సంగతి తీసేయండి. వ్యాసానికి అది ప్రాణమని అన్నారు. ఆ పిల్లకు ఇంకా చాలా ఏళ్ళ బతుకు ఉంది. ఆగిపోయింది కదా, ఆగిపోయిన దాన్ని ఆమె మరిచిపోవాలనుకుంటే మరిచిపోనివ్వండి.

ఆదోని_పత్తిబండి:

తమ్ముడూ, మీరు రాసింది చదివాక నేను కొత్తగా చెప్పవలసింది ఏమీ లేదు. పేరు పెట్టమన్న నా మాట అలాగే ఉంది. పిల్ల సంగతి తీసేయాలన్నది నాకు తోచలేదు, అది తప్పక తీసేయాలి.

మహానంది_నీడ:

హగరి_ఒడ్డు గారి మాటకు ఎదురు చెప్పే హక్కు నాకు లేదు. అయినా అక్క క్షేమం గురించి నా అనుమానం తీరలేదు, ఆ మాట దాచను. పేరు పెట్టాలనుకుంటే ముందు కొన్ని పనులు చేయండి. సామాజిక మాధ్యమాల్లో మీ ఖాతాలోనూ మీ అమ్మాయి ఖాతాలోనూ ఉన్న ఫోటోలు కనబడకుండా చేయండి. ఫోన్ నంబరు తెలియనివాళ్ళకు కనబడకూడదు. వచ్చే రాతలను మీరే చదువుతూ కూర్చోకుండా నమ్మకస్తులు ఒకరికి అప్పగించండి. వాళ్ళు ప్రతిదాన్నీ తేదీతో సహా భద్రపరచాలి, చెరిపేయకూడదు. ఇవి చేశాకనే పత్రిక బయటికి రావాలి.

ఆలూరు_బడి:

ఈ రెండు రోజులూ అందరి మాటలూ మా ఇంట్లో చదివి వినిపించాను. నా నిర్ణయం చెబుతాను.

వ్యాసం నా పూర్తి పేరుతో వస్తుంది. హోదా ఉండదు, బడి పేరు ఉండదు. ఆ అమ్మాయి భాగాన్ని మొత్తం తీసేశాను. తీసేస్తే వ్యాసం కూలిపోతుందని అనుకున్నాను, అందుకే అంత తేలికగా చేతులు రాలేదు. పూజారులు ఇలాంటి సందర్భాల్లో మామూలుగా చెప్పే మాటలు మిగతా పెద్దవాళ్ళ కథనాల్లోనూ ఉన్నాయి. జవాబులను వాటికి జతచేసి మళ్ళీ రాశాను. వాదన నిలిచింది. ఆ ఒక్కరోజు చూసినదాని వేడి మాత్రం పోయింది, దాన్ని ఏ విధంగానూ తిరిగి తేలేను. తేవాలని కూడా ఇప్పుడు అనుకోవడం లేదు.

కథనాలు ఇచ్చిన ఆడవాళ్ళను మళ్ళీ కలిసి, ఈసారి నా పేరు ఉంటుందని చెప్పాను. వాళ్ళు ఒప్పుకున్నది నా పేరు లేకపోవచ్చునని అనుకున్న రోజుల్లో. ఒకామె తన సంగతి తీసేయమన్నారు, తీసేశాను. మిగతావారు ఉంచమన్నారు. హగరి_ఒడ్డు గారూ, తంతు నడిపేవారి వైపు నుంచి కూడా పేరున్న మాట ఉండాలని మీరు అన్నందువల్ల, ఆచారాన్ని సమర్థించే ఇద్దరు పెద్దలను అడిగాను, మీ అభిప్రాయాన్ని మీ పేరుతో వేయవచ్చునా అని. ఇద్దరూ వద్దన్నారు. ఆ సంగతిని ఉన్నది ఉన్నట్టు వ్యాసంలో చేర్చాను.

మా తమ్ముడికి అచ్చుకు ముందే చదవడానికి ఇచ్చాను. అతను సంతోషించలేదు. రెండు జాతరల దాకా బేరం దెబ్బతింటుందని అన్నాడు. ఆ మాట నిజమే కావచ్చు. రాయవద్దని మాత్రం అనలేదు. మా అమ్మాయి, సంబంధం చూసేవాళ్ళు ఈ వ్యాసం చదివే రావాలని అంది. మహానంది_నీడ గారు చెప్పిన జాగ్రత్తలన్నీ తనే తీసుకుంటోంది.

సంపాదకుడితో మాట్లాడాను. ముద్రాపకుడు గారు చెప్పింది నిజం, మారుపేరు వస్తే బాధ్యత తనకు ఎలా వస్తుందో అని ఆయన చాలా భయపడి ఉన్నారు, నాతో చెప్పలేకపోయారు.

వకీలు గారూ, అధికారుల అమలు గురించి మూడు వాక్యాలు ఉన్నాయి. రేపు పంపుతాను, చూసి చెప్పండి.

ప్రొద్దుటూరు_ముద్రాపకుడు:

మంచిది అమ్మా. చివరి ప్రూఫు మీరే దగ్గరుండి చూసుకోండి. మార్చిన ఊళ్ళ పేర్లలో పాత పేరు ఎక్కడైనా ఒక్కచోట మిగిలిపోతుంది, ఇలాంటివి నేను చాలా చూశాను. ముఖ్యంగా ఫోటోల కింది రాతల్లోనూ లోపలి శీర్షికల్లోనూ వెతకండి.

కడప_వకీలు:

పంపండి. ఆ మూడు వాక్యాల్లో తేదీలుగానీ అధికారుల పేర్లుగానీ ఉంటే వాటికి ఆధారంగా మీ దగ్గర ఉన్న కాగితాల నకళ్ళు కూడా జతచేయండి. అర్జీ ఇచ్చినప్పుడు తీసుకున్న రసీదు ఉంటే చాలు.